మిసెస్ ఫుల్హేమ్ గారి వెండిపట్టు

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, ఓ కునుకు తీద్దామని చాప పరుచుకునే వేళకి సరిగ్గా వీధిలోంచి ఒక కేక వినిపించేది. "పాత జరీచీరలు కొంటాం... పట్టుచీరలు కొంటాం..." అని. ఆ కేక వినగానే బీరువా అడుగున కలరా ఉండల మధ్య పడివున్న అమ్మమ్మ పెళ్ళిచీర గుర్తొచ్చేది. పట్టు ఎప్పుడో చీకిపోయింది. మడత విప్పితే మడత మేరకి చిరుగుతోంది. కానీ అంచు మాత్రం అంచులాగే వుంది. కొనేవాడు ఆ అంచుని వేలి మీద వేసుకుని గీకి చూసి, ముఖం చిట్లించి, ఒక ధర చెప్తాడు. మనం ఇంకో ధర చెప్తాం. చివరికి రెండు స్టీలు గిన్నెలూ ఓ టిఫిన్ డబ్బా దగ్గర బేరం తెగుతుంది.

వాడు ఆ చీరని ఏం చేస్తాడనుకున్నారు? కాలుస్తాడు. పట్టు బూడిదైపోతుంది. వెండి మిగుల్తుంది.

అసలు జరీ అంటేనే వెండి. వెండి కడ్డీని పెద్ద బెజ్జంలోంచీ, ఆ తరవాత అంతకంటే చిన్న బెజ్జంలోంచీ లాగి లాగి వెంట్రుకంత తీగ చేస్తారు. ఆ తీగని అణగ్గొట్టి చదును చేసి, పట్టుపోగు చుట్టూ చుడతారు. ఆపైన బంగారం పూత. సూరత్ ఊరు ఈ పనికి పెట్టింది పేరు. మన గద్వాల, వెంకటగిరి, ధర్మవరం మగ్గాల మీద కెక్కే జరీలో చాలాభాగం అక్కడినుంచి వచ్చేదే. అందుకే ఆ ధర, అందుకే ఆ బరువు.

ఇంత శ్రమ దేనికి, బట్టకి రంగు అద్దినట్టే వెండినీ అద్దేస్తే పోలా? నీలిమందు తొట్లో ముంచి తీసినట్టు చీరని ఒక ద్రావణంలో ముంచి తీస్తే, అంచు వెండిదయిపోకూడదా?

ఈ ప్రశ్న 1780లో బ్రిటన్‌లో ఒక ఇల్లాలికి వచ్చింది. ఆవిడ పేరు మిసెస్ ఫుల్హేమ్. సొంత పేరు ఎలిజబెత్ అని చరిత్రకారులు తరవాత చెప్పారు గానీ, ఆవిడ రాసిన పుస్తకం అట్ట మీద వున్నది "మిసెస్ ఫుల్హేమ్" అన్న రెండు మాటలే. భర్త డాక్టర్ థామస్ ఫుల్హేమ్, ఎడిన్‌బరోలో చదువుకున్న వైద్యుడు. ఆవిడ ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు పోయిందో ఎక్కడా రాసిపెట్టి లేదు. బొమ్మ కూడా మిగల్లేదు. మనకి మిగిలింది ఆ పుస్తకం ఒక్కటే.

బంగారపు బట్ట, వెండి బట్ట రసాయనాలతో తయారు చెయ్యొచ్చు అన్న ఆలోచన తనకి వచ్చినప్పుడు, భర్తతోనూ కొందరు స్నేహితులతోనూ చెప్పానని ఆవిడే ముందుమాటలో రాసుకుంది. వాళ్ళు అది జరిగే పని కాదన్నారట. మన ఇళ్ళల్లో ఆ మాట ఎలా అంటారో మీకు తెలియంది కాదు. "నీకెందుకే ఇవన్నీ?" అన్న మాటకి అది కాస్త మర్యాదైన రూపం! ఆవిడ మాత్రం పట్టుగుడ్డ ముక్కలు కత్తిరించి ప్రయోగాలు మొదలుపెట్టింది. నాలుగైదు ప్రయోగాలతో తేలిపోతుందని మొదట అనుకుందట. తేలడానికి పద్నాలుగేళ్ళు పట్టింది.

చిక్కు ఎక్కడుందో చూడండి. వెండిని ద్రావణం చెయ్యడం కష్టం కాదు. నైట్రిక్ ఆమ్లంలో వేస్తే వెండి కరిగిపోతుంది. నీళ్ళలా తేటగా వున్న ఆ ద్రావణాన్ని ఆరబెడితే తెల్లటి పలుకులు మిగుల్తాయి. అదే సిల్వర్ నైట్రేట్. ఆ పలుకుల్ని చూస్తే అందులో వెండి వుందని ఎవరూ అనుకోరు. మెరుపు లేదు, చప్పుడు లేదు. పట్టుగుడ్డని ఆ ద్రావణంలో ముంచితే వెండి పోగుపోగులోకీ ఇంకుతుంది నిజమే. కానీ అది దాక్కున్న వెండి. దాన్ని మళ్ళీ బయటికి లాగి, మెరిసే లోహంగా మార్చడం ఎలా? అసలు ప్రశ్న అది. ఇలా లవణంలోంచి లోహాన్ని వెనక్కి రప్పించడాన్ని రసాయన శాస్త్రంలో క్షయకరణం అంటారు. పేరు చూసి భయపడకండి, అర్థం ఇంతే.

వెనక్కి లాగగలవేమో అని ఆవిడ ఒక్కొక్కదాన్నే పరీక్షించింది. హైడ్రోజన్ వాయువు, భాస్వరం, గంధకం, బొగ్గు, సూర్యకాంతి, ఇలా ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం. వీటన్నిటిలోనూ భాస్వరం కథ నాకు చాలా ఇష్టం.

భాస్వరం మనకి కొత్తది కాదు. అగ్గిపెట్టె పక్కన గరుకుగా వుండే గోధుమరంగు పూతలో వుండేది అదే. అయితే అది ఎర్ర భాస్వరం, మంచిది, బుద్ధిమంతురాలు. దాని అక్క తెల్ల భాస్వరం. అది ఒట్టి ప్రమాదకారి. గాలి తగిలితే పొగలు కక్కుతుంది, కాస్త వేడెక్కితే భగ్గుమంటుంది, కడుపులోకి పోతే ప్రాణం తీస్తుంది. అందుకే దాన్ని నీళ్ళలో ముంచి వుంచుతారు. చీకట్లో పచ్చగా వెలుగుతుంది కూడా. దీన్ని కనిపెట్టినవాడు హాంబర్గ్‌లో వుండే హెన్నిగ్ బ్రాంట్. 1669లో మనిషి మూత్రాన్ని మరగబెట్టి, ఎండబెట్టి, కాల్చి, అందులోంచి బంగారం తీద్దామనుకున్నాడు మహానుభావుడు! బంగారం రాలేదు గానీ చీకట్లో మెరిసే ఈ పదార్థం వచ్చింది. ఆ తరవాత నూరేళ్ళకి ఎముకల్లోంచి తియ్యడం నేర్చుకున్నారు. బంగారం కోసం పోతే దొరికిన ఆ భాస్వరమే ఫుల్హేమ్ గారి చేతిలో వెండినీ బంగారాన్నీ బట్ట మీదికి రప్పించడం తమాషాగా లేదూ?

భాస్వరం నీళ్ళలో కరగదు. ఈథర్‌లో కరుగుతుంది. ఈథర్ అంటే ఒకప్పుడు ఆపరేషన్ ముందు మత్తు కోసం వాసన చూపించేవారే, ఆ ద్రవం. మూత తీస్తే చాలు, క్షణాల్లో ఆవిరైపోతుంది. ఫుల్హేమ్ గారు భాస్వరాన్ని ఈథర్‌లో కరిగించి, అందులో పట్టుగుడ్డ ముంచి తీసేది. ఈథర్ ఆరిపోయి, గుడ్డ మీద మిగిలిన భాస్వరం సన్నగా పొగలు మొదలుపెట్టేసరికి, నీళ్ళలో కలిపిన లోహద్రావణం దాని మీద పోసేది. బంగారం ద్రావణమైతే చూస్తుండగానే గుడ్డ మీద బంగారం తళుక్కుమనేది. సిల్వర్ నైట్రేట్ అయితే వెండి.

మీరు మాత్రం ఇది ఇంట్లో చెయ్యబోకండి. ఈథరూ తెల్ల భాస్వరమూ ఒకే గదిలో వుంటే, ఆ ఇంటికి నిప్పంటించడానికి వేరే శత్రువులు అక్కర్లేదు.

సరే, వెండి వచ్చింది. ఇంకెవరైనా అయితే అక్కడ ఆగిపోయేవారు. గుడ్డ మీద వెండి అద్దాం, చాలదూ? కానీ ఆవిడ ఇంకో ప్రయోగం చేసింది. గుడ్డని లోహలవణంలో ముంచి, పూర్తిగా ఆరబెట్టింది. చుక్క తడి లేకుండా ఆరబెట్టాక, దాన్ని ఈథర్‌లో కరిగించిన భాస్వరంలో ముంచింది. లోహం వుంది. భాస్వరం వుంది. రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని వున్నాయి. అయినా ఏమీ జరగలేదు! గుడ్డ గుడ్డలాగే వుండిపోయింది.

అప్పుడు నీళ్ళు తగిలించింది. తడిసినచోట లోహం మెరిసింది.

ఇదే ప్రయోగాన్ని హైడ్రోజన్ వాయువుతో చేసినా అంతే. తడిగుడ్డ మీద లోహం వస్తుంది, పొడిగుడ్డ మీద రాదు. ఎండలో పెట్టినా అంతే. తడిసిన గుడ్డ మారుతుంది, ఆరిన గుడ్డ మారదు. ఎన్నిసార్లు, ఎన్ని రకాలుగా మార్చి చూసినా చివరికి తేలేది ఒక్కటే. నీళ్ళు కావాలి.

బట్టలు ఉతికి ఆరేసే ఇల్లాలికి కాకపోతే, తడికీ పొడికీ తేడా పట్టించుకునే తీరిక ఎవరికుంటుంది అనిపిస్తుంది నాకు. అప్పటి పెద్దపెద్ద రసాయన శాస్త్రవేత్తలు కూడా ప్రయోగాలు చేసేటప్పుడు ఏదో ఒక రూపంలో నీళ్ళు వాడుతూనే వున్నారు. ద్రావణాల్లో వుంది, గాలిలో చెమ్మగా వుంది. అన్నిచోట్లా వుంది గనకనే అది ఎవరి కంటా పడలేదు. పెళ్ళిలో వందమందికి వడ్డించిన మనిషిని ఫోటోలో వెతికితే కనపడనట్టు!

ఆ రోజుల్లో రసాయన శాస్త్రంలో రెండు పార్టీలు వుండేవి. వస్తువు కాలేటప్పుడు అందులోంచి "ఫ్లోజిస్టాన్" అనే పదార్థం బయటికి పోతుందని పాత పార్టీ. ఏమీ పోదు, గాలిలోంచి ఆక్సిజన్ వచ్చి చేరుతుంది అని కొత్త పార్టీ. కొత్త పార్టీ నాయకుడు ఫ్రాన్సులో లవోజియే. 1789లో ఆయన రాసిన గొప్ప గ్రంథానికి బొమ్మలన్నీ గీసింది ఆయన భార్య మరీ ఆన్. పాత పార్టీని చివరిదాకా పట్టుకు వేళ్ళాడినవాడు జోసెఫ్ ప్రీస్ట్‌లీ. విచిత్రం ఏమిటంటే ఆక్సిజన్‌ని వేరుచేసి చూపించినవాళ్ళలో ఆయనా ఒకడు! ఫ్రెంచి విప్లవంలో లవోజియేని 1794 మే 8న గిలటిన్ కింద తల నరికి చంపారు. ఆ ఏడాదే లండన్‌లో ఫుల్హేమ్ గారి పుస్తకం అచ్చయింది. "దహనం గురించి ఒక వ్యాసం" అని దాని పేరు మొదలవుతుంది. కొత్త రకం అద్దకానికీ చిత్రలేఖనానికీ పనికొచ్చేలా రాశానని అందులోనే వుంది. ఆపైన, పాత సిద్ధాంతమూ తప్పే, కొత్త సిద్ధాంతమూ తప్పే అని ఇందులో రుజువు చేశాను అని కూడా పేరులోనే వుంది! తన ఖర్చుతో తనే అచ్చువేసుకున్న పుస్తకం అది. రెండు పార్టీలతోనూ ఒక్కసారే తగువు పెట్టుకోవాలంటే ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి.

ఆవిడ వాదం ఇది. భాస్వరం వెండిలవణంలోంచి ఆక్సిజన్‌ని నేరుగా లాక్కోదు. నీళ్ళు మధ్యలోకి వస్తాయి. నీళ్ళలో ఆక్సిజనూ హైడ్రోజనూ వున్నాయి కదా? ఆక్సిజన్ భాస్వరానికి పోతుంది. విడిపడిన హైడ్రోజన్ వెండి దగ్గరున్న ఆక్సిజన్‌తో కలిసి మళ్ళీ నీళ్ళవుతుంది. వెండి వెండిగా మిగుల్తుంది. అంటే నీళ్ళు విడిపోయి, పనిచేసి, మళ్ళీ పుడతాయి. తన బూడిదలోంచే తాను లేచే ఫీనిక్స్ పక్షితో దీన్ని పోలుస్తూ పుస్తకం ముగించింది.

మన ఇంటి భాషలో చెప్పాలంటే, పక్కింటి పిన్నిగారి దగ్గర గరిటెడు పెరుగు తోడుకి అప్పు తెచ్చుకున్నట్టు. మన పాలు తోడుకుంటాయి, తెల్లవారాక గరిటెడు పెరుగు తిరిగి ఇచ్చేస్తాం. పిన్నిగారి లెక్కలో ఏమీ తగ్గలేదు. కానీ ఆ గరిటెడు లేకపోతే మన గిన్నెలో పెరుగు లేదు. ఇలా పని జరిపించి, చివరికి తన రూపం తనకి దక్కించుకునే పదార్థాన్ని ఇప్పుడు ఉత్ప్రేరకం అంటున్నారు. ఇంగ్లీషులో క్యాటలిస్ట్. స్వీడన్‌కి చెందిన బెర్జీలియస్ ఈ ప్రక్రియకి పేరు పెట్టింది 1835లో. ఫుల్హేమ్ గారు ఆ భావాన్ని వివరంగా రాసి అప్పటికి నలభై ఒక్క ఏళ్ళు.

ఆవిడ చెప్పిందంతా నిజమేనా అంటే, కాదు. కాలే ప్రతి వస్తువుకీ నీళ్ళు కావాలన్నది మరీ పెద్ద మాట. 1897లో ఎలక్ట్రాన్‌ని కనిపెట్టాక ఈ లెక్కంతా వేరే భాషలో రాశారు. భాస్వరం తన ఎలక్ట్రాన్లని వెండికి ఇస్తుంది, వాటిని పుచ్చుకుని వెండి లోహమవుతుంది. ఒక్క భాస్వరం పరమాణువు అయిదు వెండి పరమాణువుల్ని విడిపిస్తుంది. లెక్క ప్రకారం 31 గ్రాముల భాస్వరానికి 540 గ్రాముల వెండి! అంత పని చేశాక భాస్వరం ఫాస్ఫారిక్ ఆమ్లం అయిపోతుంది. ఆ ఆమ్లంలో వుండే ఆక్సిజన్ ఎక్కడిదనుకున్నారు? నీళ్ళదే. ఈ ఒక్క విషయంలో ఆవిడ చూపు సూటిగా తగిలింది. నీళ్ళు ఊరికే చూస్తూ నిలబడ్డ చుట్టం కాదు, పనిలో చెయ్యి పెట్టిన మనిషి. అయితే ఈ ప్రయోగంలో నీళ్ళు మళ్ళీ నీళ్ళుగా తిరిగి రావు, ఆమ్లాల్లో కలిసిపోతాయి. అప్పు తీరుతుందన్నది మాత్రం ఆవిడ పొరపాటు.

ఇంకో తమాషా. భాస్వరం ఇలా ఆక్సిజన్ పుచ్చుకుని ఫాస్ఫేటుగా మారాక వెండితో దాని వైరం పోతుంది. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో సోడియం ఫాస్ఫేటు ద్రావణం పోస్తే పసుపుపచ్చటి పొడి అడుక్కి దిగుతుంది. అది సిల్వర్ ఫాస్ఫేటు. కాలేజీలో కెమిస్ట్రీ చదివినవాళ్ళు పరీక్షనాళికలో చూసే వుంటారు. ఒట్టి భాస్వరం అయితే వెండిని బయటికి గెంటుతుంది. ఆక్సిజన్‌తో పెళ్ళయిన భాస్వరం వెండిని ఇంట్లో వుంచుకుంటుంది. ఆ పసుపుపచ్చ పొడిని ఎండలో పెడితే క్రమంగా నల్లబడుతుంది.

వెండి లవణాలకి వెలుగుతో వున్న చుట్టరికం అది. ఫుల్హేమ్ గారు దాన్నీ వదల్లేదు. లోహలవణంలో తడిపిన పట్టుని ఎండకి పెట్టి, వెలుగే లోహాన్ని బయటికి తెస్తుందని చూపించింది. ఈ విద్యతో దేశపటాలు కూడా చేసింది. పటంలో నదులన్నీ వెండితో, పట్నాలన్నీ బంగారంతో! నది ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో కళ్ళు చికిలించుకుని వెతకనక్కర్లేదనీ, సన్నటి పాయ కూడా వెండితీగలా మెరుస్తుందనీ, భూగోళం నేర్చుకునేవాళ్ళకి హాయిగా వుంటుందనీ మురిసిపోతూ రాసింది. ఆ మురిపెం చూస్తే నాకు, ఆవిడ అంత పెద్ద వాదాలు చేసిన మనిషే అయినా, ముగ్గు బాగా కుదిరినప్పుడు గుమ్మంలో నిలబడి ఓసారి చూసుకునే మన అక్కచెల్లెళ్ళలాగే కనిపిస్తుంది.

వెలుగుకి మారే వెండి లవణం మీద ఆ తరవాత ఫోటోగ్రఫీ అంతా నడిచింది. బ్రిటన్‌లో ఫోటోగ్రఫీ చరిత్ర రాసినవారిలో 1794 నుంచి, అంటే ఈ పుస్తకం నుంచే లెక్క మొదలుపెట్టినవారున్నారు. అంత దూరం ఎందుకు, ఓటు వేసి వచ్చాక మీ ఎడమచేతి వేలు చూసుకోండి. 1962 సాధారణ ఎన్నికల నుంచి మన దేశంలో వాడుతున్న ఆ సిరాలో వుండేది సిల్వర్ నైట్రేటే. మైసూరులో తయారవుతుంది. చర్మానికి అంటుకుని, వెలుగు తగిలి నల్లబడుతుంది. అంట్లు తోమినా, బట్టలు ఉతికినా పోదు. ఫుల్హేమ్ గారి వేళ్ళు ఎన్నేళ్ళపాటు అలా నల్లగా వుండివుంటాయో!

పుస్తకం అచ్చువెయ్యమని ధైర్యం చెప్పినవాడు ప్రీస్ట్‌లీ. తన సిద్ధాంతం తప్పని రాస్తున్న మనిషికి ఆయన ప్రోత్సాహం ఇవ్వడం విశేషమే. ఆలస్యం చేస్తే తన పని ఎవరైనా ఎత్తుకుపోయి తమదని చెప్పుకుంటారన్న భయం ఆవిడకి లేకపోలేదు. ఆ సంగతి దాచుకోకుండా ముందుమాటలో రాసింది. విమర్శలు వస్తాయనీ తెలుసు. చదువు వాసన తగిలితేనే కొందరికి ఒళ్ళు జలదరిస్తుందనీ, ఆ చదువు ఆడదాని రూపంలో ఎదురైతే ఇక వాళ్ళ బాధ చూడలేమనీ ఎద్దేవా చేసింది. ఏడవలేదు, బతిమాలలేదు. నవ్వి ఊరుకుంది.

అలాగని అందరూ ముఖం తిప్పుకున్నారని కాదు. 1798లో జర్మన్ భాషలోకి అనువాదం వచ్చింది. ఆ ఏడాదే కౌంట్ రమ్‌ఫర్డ్ అనే పేరున్న శాస్త్రవేత్త ఆవిడ ప్రయోగాలు తనూ చేసి చూసి, ఆవిడ తెలివితేటల్ని మెచ్చుకుంటూ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. సముద్రం అవతల ఫిలడెల్ఫియాలో వున్న రసాయన సంఘం ఆవిడని సభ్యురాలిగా ఎన్నుకుంది. అక్కడే 1798లో థామస్ స్మిత్ అనే ఆయన సంఘంలో ఉపన్యాసమిస్తూ, ఫుల్హేమ్ గారి పని చూశాక ఈ శాస్త్రంలో ఆడవాళ్ళకి చోటు లేదనడం ఇక కుదరదన్నాడు. లండన్ రాయల్ సొసైటీ ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకున్నది 1945లో. ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

1810లో ఫిలడెల్ఫియాలోనే పుస్తకం మళ్ళీ అచ్చయింది. దాన్ని అచ్చుకి సిద్ధం చేసినాయన ఒక బాధ వెళ్ళబోసుకున్నాడు. ఇంత మంచి పుస్తకం ఎవరికీ పట్టకపోవడానికి కారణం, ఆడదాని దగ్గర పాఠం నేర్చుకోవడం శాస్త్రజ్ఞుల అహంకారానికి మింగుడుపడకపోవడమే అని. ఆయన అన్నట్టే అయింది. ఆ తరవాత ఆవిడ పేరు క్రమంగా మరుగున పడింది.

అయితే నిజాలకి ఒక గుణం వుంది. ఎవరో ఒకరి కాలికి మళ్ళీ తగుల్తాయి. 1880లో హెచ్. బి. డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్త, బొగ్గు సగం కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువునీ ఆక్సిజన్‌నీ కలిపి, చెమ్మ లేకుండా బాగా ఆరబెట్టి, విద్యుత్తు రవ్వ వేశాడు. అంటుకోలేదు. కాస్త నీటి ఆవిరి కలిపాక అంటుకుంది. ఫుల్హేమ్ గారి పొడిపట్టూ తడిపట్టూ కథే, గాజుగొట్టంలో! 1903లో మెలర్ అనే రసాయన శాస్త్రవేత్త నీటి సమస్య చరిత్ర రాస్తూ, వ్యాసం పేరులోనే ఫుల్హేమ్ గారి సిద్ధాంతం అని పెట్టి ఆవిడ బాకీ తీర్చాడు.

వెండినీ భాస్వరాన్నీ కలిపే విద్య కూడా పోలేదు. 1840లలో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో అలెగ్జాండర్ పార్క్స్ అనే ఆయన, పువ్వుల్లాంటి సుకుమారమైన వస్తువుల్ని భాస్వరం ద్రావణంలో ముంచి, ఆపైన వెండి ద్రావణంలో పెట్టి, రేకు చెదరకుండా వెండిపూత వేసేవాడు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ ఆ కార్ఖానా చూడటానికి వస్తే, వెండిపూత వేసిన సాలెగూడు బహుమతిగా ఇచ్చారట. సాలెగూటికి వెండి! చేత్తో ముట్టుకుంటే తెగిపోయేదాని మీద లోహం నిలిపారంటే, పట్టుపోగు ఎంత?

1946లో అమెరికాలో బ్రెనర్ అనే ఆయనా, గ్రేస్ రిడెల్ అనే ఆవిడా కలిసి, విద్యుత్తు అక్కర్లేకుండా నికెల్ పూత వేసే పద్ధతి కనిపెట్టారు. అక్కడ లోహాన్ని బయటికి రప్పించేది హైపోఫాస్ఫైట్ అనే భాస్వరం లవణం. యంత్రభాగాల మీద ఆ పూత నేటికీ వేస్తున్నారు. గాయాలకి కట్టే కొన్నిరకాల కట్లలో ఇప్పుడు రసాయన పద్ధతిలో వెండిపూత వేసిన దారాలు వాడుతున్నారు, క్రిములు చేరకుండా. బట్ట మీదికి వెండిని ద్రావణంలోంచి రప్పించడం అసంభవం అన్న మాట అలా గాలికి పోయింది.

ఫుల్హేమ్ గారి వెండిపట్టు మాత్రం బజారుకి రాలేదు. మగ్గం మీద జరీని అది ఓడించలేదు. ఓడించకపోవడమే మంచిదైందేమో, లేకపోతే మన నేతపనివాళ్ళ చేతిలో కళ ఏమయ్యేదో! అయినా ఆవిడ నష్టపోయిందని నేననుకోను. ఆవిడ వెతికింది చీర కోసం. దొరికింది నీటి రహస్యం. చీర దొరికాక గూట్లో పెట్టుకుని కూర్చోకుండా, పొడిగుడ్డ ఎందుకు మెరవలేదని అడిగింది గనక దొరికింది.

ఆ పాత జరీచీరలు కొనేవాడి సంగతే చూడండి. చీరలోంచి వెండి తియ్యాలంటే వాడికి పెద్ద మంట కావాలి. ఆవిడ చీర మీదికి వెండిని రప్పించింది చుక్క నీళ్ళతో. ఇంట్లో ఎవరైనా ఆడపిల్ల గిన్నెలూ గాజుసీసాలూ ముందేసుకుని ఏదో కలుపుతూ కూర్చుంటే, "జరిగే పని కాదులే, లేచి రా" అని నోటి దాకా వచ్చిన మాటని ఓసారి ఆపుకుందాం. నేల తడిపిందని కోప్పడే ముందు, ఏం చూస్తోందో ఒక్కసారి వంగి మనమూ చూద్దాం.